మట్టి బ్యాక్టీరియా చేసే సబ్బు: పైరుకి సరే, పుండుకి వద్దు

శ్రీముఖలింగం నుంచి రాస్తున్నాను. పై వీడియోలో చామాకు మీద రెండు చుక్కలు వేసి చూపించాను. వంశధార నీటి చుక్క ముత్యంలా నిలబడి జారిపోయింది. బాసిల్లస్ సబ్టిలిస్ పెంచిన ద్రావణం చుక్క మాత్రం చదునుగా పరుచుకుంది. పక్కనే ఉండి చూసిన మా చిన్నాన్న, "ఇది సబ్బులాటిదే కదరా, నా కాలి పుండుకి పనిచేస్తదేటి?" అని అడిగారు. ఆయనకి షుగర్ ఉంది. రెండు రోజులుగా ఆ పుండుకి జీవామృతం రాస్తున్నారని అప్పుడు బయటపడింది. అందుకే ఇది రాస్తున్నాను.

కుంకుడుకాయలో నురగ పదార్థం ఉన్నట్టే కొన్ని బ్యాక్టీరియాలు కూడా అలాంటిది తయారు చేసుకుంటాయి. దాని ఒక కొన నీటిని పట్టుకుంటుంది, ఇంకో కొన నూనెని. వీటినే బయోసర్ఫాక్టెంట్లు అంటారు. వేరు మీద పాకడానికి, పక్కనున్న శత్రువుని చంపడానికి బ్యాక్టీరియాకి ఇవి కావాలి. బాసిల్లస్ చేసే ఇటురిన్, ఫెంజిసిన్ బూజు జాతి తెగుళ్ల కణాల పొరకి చిల్లు పెడతాయి. పైరులో మనం చూసే ఫలితంలో వీటి పాత్ర పెద్దదే. అయితే చుక్క పరుచుకున్న ప్రతిదాంట్లో ఇవి ఉన్నాయనుకోకండి. పిండిలోని ప్రొటీన్ వల్ల కూడా చుక్క కొంత పరుచుకుంటుంది. తేల్చాల్సింది ల్యాబే.

బాసిల్లస్ చేసే మూడోది సర్ఫాక్టిన్. 1968లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేశారు. రక్తం గడ్డకట్టకుండా ఆపే గుణం కూడా అప్పుడే చూశారు. నీటి తలతన్యత 72 ఉంటే, ఇది చిటికెడు కలిస్తే 27 దాకా పడిపోతుంది. ల్యాబ్‌లో కొన్ని వైరస్‌ల పైపొరని కూడా చీల్చింది. మరి మందు ఎందుకు కాలేదు? మోతాదు పెరిగితే మన ఎర్ర రక్తకణాలనీ పగలగొడుతుంది. క్రిమి పొర ఏది, మన కణం పొర ఏది అని సబ్బు ఆగి చూసుకోదు కదా!

ఈ కోవలో మందులైనవీ ఉన్నాయి. తొలకరికి మట్టి వాసన తెచ్చే స్ట్రెప్టోమైసిస్ తెలుసుగా? ఆ జాతిలో ఒకటి టర్కీలోని అరారత్ కొండ మట్టిలో దొరికింది. దాన్నుంచి వచ్చిన డాప్టోమైసిన్‌కి అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది. చర్మం, రక్తం ఇన్ఫెక్షన్లకి ఇంజెక్షన్‌గా ఇస్తారు. నిమోనియాకి మాత్రం పనికిరాదు. మన ఊపిరితిత్తుల్లో సహజంగా ఉండే సబ్బులాంటి పదార్థం దాన్ని పట్టేస్తుంది!

ఇంకోటి కొలిస్టిన్. బాసిల్లస్‌కి దగ్గరి చుట్టమైన బ్యాక్టీరియా నుంచి వచ్చింది. కిడ్నీలకి దెబ్బ తగిలే ప్రమాదం ఉన్నా, వేరే మందులు పనిచేయనప్పుడు ఆసుపత్రుల్లో చివరి ఆశ అదే. అలాంటిదాన్ని కోళ్లు తొందరగా పెరగాలని దాణాలో కలిపారు. 2019 జూలైలో కేంద్రం కోళ్లకి, పశువులకి, చేపలు-రొయ్యల చెరువులకి దాన్ని నిషేధించింది. దాణా సంచి కొనేటప్పుడు చీటీ చదవండి, దయచేసి.

మళ్లీ పుండు దగ్గరికి వద్దాం. రామ్నోలిపిడ్ అనే సబ్బు పుండు మీద క్రిములు కట్టే జిగురు పొరని విడగొడుతుందని ల్యాబ్‌లో చూశారు. కానీ దాన్ని ఎక్కువగా చేసేది సూడోమోనాస్ ఎరుజినోసా. కాలిన గాయాలని, షుగర్ పుండ్లని కుళ్లబెట్టే క్రిముల్లో అదొకటి. మనం పొలంలో వాడే ఫ్లోరసెన్స్ వేరు. ఎరుజినోసాని పెంచినా, సబ్బుని శుద్ధిచేసి, బ్యాక్టీరియా ఒక్కటీ మిగలకుండా తీసి, మోతాదు తేల్చాకే మందు సంగతి. మన డ్రమ్ములో ఉన్నది పేడ, మూత్రం, లెక్కలేనన్ని క్రిములు. పేడలో ధనుర్వాతం క్రిమి కూడా ఉండొచ్చు.

చిన్నాన్న కాలు ఆ సాయంత్రమే శుభ్రమైన నీళ్లతో కడిగించి ఆసుపత్రికి తీసుకెళ్లాం. టీటీ వేసి, చచ్చిన చర్మం తీసి కట్టు కట్టారు. షుగర్ మాత్రలు మార్చారు. మూడు వారాలుగా పొలంలోకి రానివ్వట్లేదని నా మీద కోపంగానే ఉన్నారు. ఇప్పుడు డ్రమ్ము కలిపేది నేనే. చేతికి గీత పడి ఉంటే గ్లోవ్స్ వేసుకునే కలుపుతున్నాను.