ఫెటిష్ బజారులో మాటల మారకం

'ఫెటిష్' అనే మాట పుట్టింది పడకగదిలో కాదు, వర్తకపు రేవులో. పశ్చిమాఫ్రికా తీరం చేరిన పోర్చుగీసు వర్తకులు అక్కడి ప్రజల తాయెత్తుల్నీ బొమ్మల్నీ తమ భాషలో 'ఫెయిటీసు' అన్నారు. మంత్రించిన వస్తువని అర్థం. 1867లో మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో ఆ మాటను వర్తకుల సమాజం మీదికే తిప్పాడు. మనుషుల మధ్య సంబంధం వస్తువుల మధ్య సంబంధంగా కనబడటాన్ని సరుకుల ఫెటిషిజం అన్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1887లో, ఆల్ఫ్రెడ్ బినే దాన్ని లైంగిక విషయాల్లోకి తెచ్చాడు. కోరిక మనిషిని వదిలి పాదం మీదో చెప్పు మీదో నిలిచిపోవడం అది. ఇవాళ ఇంటర్నెట్ బజారులో చెలామణీ అవుతున్నది ఈ చివరి అర్థమే. అయితే మార్క్స్ చెప్పింది అందులోంచి పోలేదు.

లండన్‌లో 2016లో మొదలైన ఓన్లీఫ్యాన్స్‌నే చూడండి. అక్కడ అమ్మే మనిషి లేదు, 'క్రియేటర్' ఉంది. కొనేవాడు లేడు, 'ఫ్యాన్' ఉన్నాడు. 1970ల చివర అమెరికాలో కేరల్ లీ 'సెక్స్ వర్క్' అనే మాటను తెచ్చింది, అందులో ఉన్నది శ్రమేనని గుర్తింపజేయడానికి. ఆ 'పని'ని 'క్రియేటర్' మెల్లగా మింగేసింది. (మన హైదరాబాదులో ఇంటికి భోజనం తెచ్చే కార్మికుడు 'పార్ట్‌నర్' అయినట్టే.) ఇంకో రకం మాటలు భయంలోంచి పుట్టినవి. టిక్‌టాక్ యంత్రం పట్టుకుని ఖాతా మూసేస్తుందని ఈ పనివాళ్ళు తమను 'అకౌంటెంట్' అని చెప్పుకున్నారు. 'పోర్న్' కాస్తా 'కార్న్' అయింది. పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడినట్టు!

దీన్నంతా విషసంస్కృతి అని తిట్టి ఊరుకోవడం తేలిక. కానీ నగ్నచిత్రాలు ఉచితంగా గుట్టలుగా దొరుకుతుండగా డబ్బెందుకు ఇస్తున్నారు? కొంటున్నది బొమ్మను కాదు కనుక. ఎవరికీ చెప్పుకోలేని కోరికను నవ్వకుండా విని, పేరుపెట్టి పలకరించి, రాత్రిపూట జవాబిచ్చే మనిషిని. ఆ ఒంటరితనం అబద్ధం కాదు. జవాబు మాత్రం చాలా పెద్ద ఖాతాల్లో అబద్ధమే. దాన్ని రాసేది ఏజెన్సీ కూలికి పెట్టుకున్న 'చాటర్'.

ఈ బజారులో 'ఫిన్‌డామ్' అనే శాఖ ఒకటుంది. అక్కడ కొనేవాడికి బొమ్మ కూడా అక్కర్లేదు. ఆమె ఆజ్ఞాపిస్తే డబ్బు పోగొట్టుకోవడమే వాడి సుఖం. వాడు 'పే పిగ్', అంటే చెల్లించే పంది. ఆమె 'గాడెస్'. ఇచ్చే సొమ్ము 'ట్రిబ్యూట్', అచ్చంగా కప్పం. అత్యాధునిక బజారు తన వ్యవహారానికి దేవతనూ సామంతరాజునూ తవ్వి తీసుకోవలసి వచ్చింది! పగలు ఇష్టంలేకుండా లొంగే మనిషి, రాత్రి తన ఇష్టంతో లొంగే ఆటను కొనుక్కుంటున్నాడు. ఆ ఆట ఆమెకు ఆట కాదు. గంటలకొద్దీ గొంతులో అధికారాన్ని నిలబెట్టే శ్రమ. పాదం పోయింది, చెప్పు పోయింది, కోరిక నిలిచింది డబ్బు మీదే. బినే అర్థమూ మార్క్స్ అర్థమూ ఇక్కడ విడదీయరాకుండా పెనవేసుకున్నాయి.

మరి ఆ దేవతల రాబడి? 2023లో ఓన్లీఫ్యాన్స్‌లో ఫ్యాన్లు పెట్టిన ఖర్చు 660 కోట్ల డాలర్లు దాటింది. కంపెనీ వాటా నూటికి 20. మిగిలింది 41 లక్షల ఖాతాలకు పంచితే తలకు ఏడాదికి దాదాపు 1300 డాలర్లు. ఈ సగటు కూడా భ్రమే, పెద్ద ముద్దలు కొద్దిమంది పళ్ళేల్లోనే పడతాయి.

2021 ఆగస్టులో ఇదే కంపెనీ, అక్టోబరు నుంచి బాహాటమైన లైంగిక దృశ్యాలను నిషేధిస్తామని ప్రకటించింది. బ్యాంకుల ఒత్తిడి అంది. తమ కష్టంతో కంపెనీని నిలబెట్టినవాళ్ళు గగ్గోలెత్తారు. వారం తిరక్కుండానే నిర్ణయం ఆగిపోయింది. కావలసిన హామీలు దొరికాయని కంపెనీ చెప్పుకుంది.