జాలి ముందు, మందు తర్వాత

ఇంట్లోకి ఎగిరొచ్చే పురుగులన్నీ ఒకే పని మీద రావు. దోమ మన ఊపిరిని పసిగట్టి వస్తుంది. ఈగ చెత్తబుట్ట వాసనకు వస్తుంది. ఉసిళ్ళు దీపం దగ్గర దారి తప్పుతాయి. అన్నిటికీ కలిపి ఒకే స్ప్రే డబ్బా కొనుక్కోవడం వల్లే డబ్బూ పోతుంది, పురుగులూ పోవు. ఏది ఎందుకు వస్తుందో తెలిస్తే, దాన్ని ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

హైదరాబాద్‌లో తార్నాక లాంటి చోట ఈ సంగతి మరీ అవసరం. ఒకవైపు చెట్లూ పొదలూ నిండిన ఉస్మానియా క్యాంపస్, మరోవైపు సందు సందునా అపార్ట్‌మెంట్లు, వాటి కింద సెల్లార్లు, సంపులు, పైన ట్యాంకులు. వానాకాలంలో పురుగులకు రెండూ అనుకూలమే.

ముందు దోమ సంగతి. మనల్ని కుట్టేది ఆడదోమ మాత్రమే, గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను అది పదుల మీటర్ల దూరం నుంచే గుర్తుపడుతుంది. దగ్గరికి వచ్చాక ఒంటి వేడి, చెమట వాసన దారి చూపిస్తాయి. అందుకే దీపాలన్నీ ఆర్పేసి కూర్చున్నా దోమలు తగ్గవు. ఫ్యాను మాత్రం నిజంగా పనిచేస్తుంది. దోమ గంటకు రెండు కిలోమీటర్లకు అటూ ఇటూ వేగంతోనే ఎగరగలదు కాబట్టి ఫ్యాను గాలికి నిలవలేదు. పైగా మన ఊపిరి జాడను ఆ గాలి చెదరగొడుతుంది.

దోమను ఇంటి బయటే ఆపాలన్న ఆలోచనకు శాస్త్రీయమైన బలం మన నగరం నుంచే వచ్చింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనే వైద్యుడు ఒక దోమ పొట్టను కోసి, సూక్ష్మదర్శిని కింద మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమ కుట్టింది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. కుట్టించుకున్న ఒక్కో దోమకు అతనికి ఒక అణా ఇచ్చారు. ఆ పరిశోధనలకు రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన పేరిట ఉన్న పరాన్నజీవుల అధ్యయన సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయానిదే. హుసేన్ ఖాన్ పేరు కూడా మన పిల్లలకు తెలియాలని నా కోరిక.

రాస్ అలా చూసినా, దోమే మలేరియాను తెస్తుందంటే అప్పట్లో చాలామంది నమ్మలేదు. చెడు గాలి, చిత్తడి నేల వల్లే మలేరియా వస్తుందని వాదించేవారు. దాన్ని తేల్చడానికి 1900 వేసవిలో బ్రిటిష్ వైద్యుడు ప్యాట్రిక్ మాన్సన్ ప్రోత్సాహంతో లూయీ సాంబన్, జార్జ్ లో అనే వైద్యులు ఇటలీలో రోమ్ దగ్గర, మలేరియాకు పేరుపడ్డ చిత్తడి నేలలో ఒక చెక్క ఇంట్లో కాపురం పెట్టారు. తలుపులకూ కిటికీలకూ తీగ జాలి బిగించారు. పగలు ఊరంతా తిరిగేవారు, అక్కడి నీళ్ళే తాగేవారు, రాత్రి గాలి లోపలికి రానిచ్చేవారు. పొద్దు వాలక ముందే లోపలికి వచ్చేయడం ఒక్కటే నియమం. మలేరియా మందు క్వినైన్‌ను ముట్టుకోలేదు. చుట్టుపక్కల జనం జ్వరాలతో మూలుగుతుంటే ఆ ఇంట్లో ఒక్కరికీ మలేరియా రాలేదు. ఏ మందూ లేకుండా జాలి ఒక్కటే చేసిన పని ఇది.

దోమను ఆపాలంటే అంగుళానికి పదహారు నుంచి పద్దెనిమిది గడులు ఉన్న జాలి చాలు. పండ్ల మీద ముసిరే చిన్న ఈగలు అందులోంచి కూడా దూరగలవు. వాటికి మందు పండిన పండును మూత పెట్టి ఉంచడమే. జాలి కొనడం కంటే బిగించడంలోనే చాలా ఇళ్ళలో లోపం. వెల్క్రో మూల ఊడి ఉంటుంది. కిటికీలకు జాలి వేసి బాత్రూం వెంటిలేటర్‌ను, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కంతను, ఏసీ పైపు కోసం గోడకు చేసిన రంధ్రాన్ని, తలుపు కింది సందును వదిలేస్తారు. దోమకు అదే చాలు. ఇంకొకటి: సాయంత్రం కిటికీలు మూసే అలవాటు మురుగునీటి క్యూలెక్స్ దోమకు సరిపోతుంది గానీ డెంగీ తెచ్చే ఏడిస్ పగటిపూట కుడుతుంది. జాలి రోజంతా ఉండాల్సిందే.

ఇక నీళ్ళు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. వారానికి ఒకసారి నీళ్ళు పారబోస్తే ఆ వరుస తెగిపోతుంది. 2020లో హైదరాబాద్‌లో మొదలైన ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ కార్యక్రమం వెనక ఉన్న లెక్క ఇదే. అయితే ఏడిస్ గుడ్లు నీళ్ళు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. వేసవి తర్వాత కూలర్‌ను వంచి నీళ్ళు తీసేసి అటక మీద పెడితే సరిపోదు, తొట్టి గోడలను పీచుతో రుద్ది కడగాలి. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇళ్ళలో మేడపైకి లేచిన గాలి గొట్టానికి నైలాన్ జాలి కట్టాలి. ఎక్కువమంది మరిచిపోయేది దీన్నే.

ఉసిళ్ళ కథ పూర్తిగా వేరు. తొలకరి తర్వాత పుట్టల్లోంచి లేచే ఈ రెక్కల చెదలు కుట్టవు, రోగాలు తేవు. దీపం చుట్టూ అవి ఎందుకు తిరుగుతాయన్న పాత ప్రశ్నకు 2024లో వెలువడిన ఒక పరిశోధన మంచి జవాబు చెప్పింది. పురుగు ఎగిరేటప్పుడు వెలుగున్న వైపుకు వీపు తిప్పుతుంది. ఆకాశం పైనే ఉంటుంది కాబట్టి ఆ పద్ధతి కోట్ల ఏళ్ళుగా సరిగ్గానే నడిచింది. పక్కన బల్బు వెలిగితే వీపు అటు వంగుతుంది, దారి వంకరై అక్కడే చుట్లు తిరుగుతుంది. కాబట్టి ఉసిళ్ళు ముసిరే గంటసేపు వరండా దీపం ఆర్పేయండి, స్ప్రే అక్కర్లేదు. తెల్ల బల్బు బదులు పసుపు రంగు బల్బు పెట్టినా పురుగులు తగ్గుతాయి.

నీలి దీపంతో పురుగులను మాడ్చే యంత్రాలు దోమల పని పట్టవు. 1996లో అమెరికాలో అలాంటి యంత్రాల్లో పడ్డ 13,789 పురుగులను లెక్కపెడితే, వాటిలో రక్తం పీల్చేవి కేవలం 31. మిగిలిన వాటిలో మనకు మేలు చేసేవీ ఉన్నాయి. వినపడని శబ్దంతో దోమలను తరుముతామనే పరికరాలకు 2007 నాటి సమీక్షలో పది క్షేత్ర పరీక్షలను చూసినా ఫలితం కనిపించలేదు. దోమల చుట్ట (కాయిల్) మాత్రం దోమలను తగ్గిస్తుంది, కానీ ఒక చుట్ట వదిలే సన్నని పొగ కణాలు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో తేలింది. పసిపిల్లలున్న గదిలో తలుపులు మూసి దాన్ని వెలిగించడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

ఏడిస్ దోమ పుట్టిన చోటు నుంచి నాలుగైదు వందల మీటర్లు దాటడం అరుదు. మీ ఇంట్లో కుట్టినది మీ మేడ మీదో పక్కింటి మేడ మీదో పుట్టి ఉంటుంది. ఈ ఆదివారం పక్కింటివాళ్ళను కూడా పిలుచుకుని ఒకసారి పైకెక్కి ట్యాంకు మూతలు, కుండీల కింద పళ్ళాలు, గొట్టాలు చూడండి.