స్క్రిప్ట్ నడుస్తుంటే గూగుల్ షీట్‌కి తాళం ఎలా వేయాలి?
మన వర్ధన్నపేటలో వడ్ల కాంటా లెక్క గూగుల్ షీట్‌లో రాస్తున్నారనుకోండి. యాప్స్ స్క్రిప్ట్ పాత లెక్క చదివి, మళ్లీ రాసేలోపు ఎవరైనా ఫోన్‌లో అదే గడిలో బస్తాలు ఎక్కిస్తే, ఆ ఎంట్రీ పోతుంది. రైతుకు లెక్క తగ్గుతుంది.

చాలామంది లాక్‌సర్వీస్ పెడతారు. అది ఒకేసారి రెండు రన్‌లు పడకుండా ఆపుతుంది అంతే, మనుషుల్ని ఆపదు. షీట్ తెరవనీయండి, రాయనీయకుండా చూస్తే చాలు.

నేనైతే ఇలా చేస్తా. ఓనర్ అకౌంట్‌తో స్క్రిప్ట్ నడిపి, ముందు షీట్‌కి ప్రొటెక్ట్ పెట్టి, ఎడిటర్లను తీసేస్తా. తాళం పడ్డాకే లెక్క చదువుతా. రాశాక ఫ్లష్ చేసి, ప్రొటెక్షన్ రిమూవ్ చేస్తా. ఈ రిమూవ్ లైన్ ఫైనల్లీ బ్లాక్‌లోనే ఉండాలి, మధ్యలో ఎర్రర్ వచ్చినా తాళం తీస్తుంది. ఓనర్‌ని మాత్రం ఈ తాళం ఆపదు. కాబట్టి ఆ కాసేపు మీరూ చెయ్యి పెట్టకండి!