డాకర్‌లో పోపు రాయబారి

పశ్చిమాఫ్రికాలోని సెనెగల్ దేశంలో నూటికి 95 మంది దాకా ముస్లింలే. కాథలిక్కులు నూటికి అయిదుగురికి మించరు. అయినా రాజధాని డాకర్‌లో పోపు రాయబారి ఒకరు నివాసముంటారు. ఆయన హోదా పేరు ‘నున్షియో’. ఇంత చిన్న సమాజం కోసం రాయబారి ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. అంతకన్నా ముందు, ఆయన ఎవరి రాయబారి అన్నది తేలాలి.

వాటికన్ నగర రాజ్యానికి రాయబారి అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఆయనను పంపేది పోపు పీఠం. 1870లో ఇటలీ సైన్యం రోమ్‌ను పట్టుకున్నది మొదలు 1929 నాటి లాటరన్ ఒప్పందం వరకు పోపుల చేతిలో గుర్తింపు పొందిన రాజ్యమంటూ లేదు. ఆ 59 ఏళ్లలోనూ వారు రాయబారులను పంపుతూనే ఉన్నారు, పరదేశాల రాయబారులు వారి వద్దకు వస్తూనే ఉన్నారు. అంటే ఈ హక్కు భూభాగం వల్ల వచ్చింది కాదు. 1961 నాటి వియన్నా ఒడంబడిక కూడా నున్షియోలను రాయబారుల శ్రేణిలోనే చేర్చింది.

నున్షియోకు రెండు ముఖాలు. ప్రభుత్వం వద్ద ఆయన రాయబారి. స్థానిక చర్చి వద్ద పోపు ప్రతినిధి. బిషప్ పదవి ఖాళీ అయితే రహస్యంగా విచారించి, మూడు పేర్లు తన అభిప్రాయంతో రోమ్‌కు పంపుతారు. ఎంపిక మాత్రం పోపుదే. బిషప్పులపై పెత్తనం చేసే అధికారం నున్షియోకు లేదు. ఈ రెండో పనికి మాత్రమే నియమితుడైన వానిని ‘డెలిగేట్’ అంటారు. అతనికి ప్రభుత్వంతో దౌత్య సంబంధం ఉండదు.

డాకర్ కథ ఇక్కడే మొదలవుతుంది. 1948లో ఫ్రెంచి పాలనలోని ఆఫ్రికాకు డెలిగేట్‌గా మార్సెల్ లెఫెవ్ర్ నియమితులయ్యారు. ఆయన ఫ్రెంచివాడు, పైగా అప్పటికే డాకర్ చర్చికి అధిపతి. అంటే బిషప్పుల గురించి రోమ్‌కు నివేదించవలసినవారే ఆ బిషప్పులలో ఒకరు! స్వాతంత్ర్యం సమీపిస్తుండగా ఈ ఏర్పాటు నిలవలేదు. 1959లో డెలిగేట్ పదవి మరొకరికి వెళ్లింది. 1960లో సెనెగల్ స్వతంత్రమైంది. 1961లో పోపు పీఠంతో దౌత్య సంబంధాలు ఏర్పడ్డాయి. 1962లో లెఫెవ్ర్ స్థానంలో సెనెగల్ బిడ్డ యాసింత్ తియాందుమ్ ఆర్చిబిషప్ అయ్యారు. (అదే లెఫెవ్ర్ తర్వాతి కాలంలో రోమ్‌నే ధిక్కరించి, అనుమతి లేకుండా బిషప్పులను అభిషేకించి 1988లో వెలికి గురయ్యారు.)

ఈ మార్పు పేరు మార్పు మాత్రమే కాదు. డెలిగేట్‌ను రోమ్ తన ఇష్టం మీద నియమించుకోవచ్చు. నున్షియోకు మాత్రం ఆ దేశ ప్రభుత్వ సమ్మతి కావాలి. అధ్యక్షుడు సెంఘోర్ కాథలిక్కు గనుక ఆ సమ్మతి దొరికిందనే వాదన ఉంది. అది సగం మాటే. అప్పటి ప్రధాని మామదూ దియా ముస్లిం. 1981లో సెంఘోర్ తర్వాత అధ్యక్షులైన అబ్దూ దియూఫ్ కూడా ముస్లిమే. సంబంధాలు చెడలేదు సరికదా, రెండవ జాన్ పాల్ పోపు 1992 ఫిబ్రవరిలో దియూఫ్ హయాంలోనే సెనెగల్ వచ్చి, డాకర్‌లో ముస్లిం పెద్దలను కలుసుకున్నారు. గోరే దీవిలో బానిస వ్యాపారానికి క్షమాపణ కోరారు.

సెనెగల్‌లో మురీదియా తరీఖా అధిపతిని ఖలీఫా అంటారు. అధ్యక్షులే తూబా వెళ్లి ఆయనను దర్శించుకుంటారు. ఆ పలుకుబడికి దౌత్య పత్రం అక్కరలేదు. నున్షియోకున్నది మాత్రం ఆ పత్రమే.

ఇక ఉత్తరాన పొరుగున ఉన్నది మారిటేనియా ఇస్లామీయ గణరాజ్యం. అక్కడి కాథలిక్కులు దాదాపు అందరూ విదేశీయులే. అక్కడ చాలాకాలం డెలిగేట్ మాత్రమే ఉండేవారు. 2016 డిసెంబరులో ఆ దేశం కూడా పోపు పీఠంతో దౌత్య సంబంధాలకు అంగీకరించింది. ఆ బాధ్యత కూడా డాకర్‌లోని నున్షియోకే అప్పగించారు.