టీనా మొడొట్టి – ఆమె చూపిన చేతులు

(తృతీయ సంవత్సరం బి.యస్‌సి. విద్యార్థిని)

సినిమా తార అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది ముఖం. గోడమీది పోస్టరులోనైనా, కిళ్ళీకొట్టు క్యాలెండరులోనైనా మనం చూసేది ముఖమే. చేతుల్ని ఎవరు చూస్తారు?

కిందటేడు మా లైబ్రరీలో ఫోటోగ్రఫీ చరిత్ర మీద ఒక పుస్తకం తిరగేస్తుంటే ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. అందులో మనిషి ముఖం లేదు. పార కర్ర మీద ఒకదానిపై ఒకటి ఆనించిన రెండు చేతులు, అంతే. మట్టి పట్టిన వేళ్ళు, మొరటు చర్మం. మెక్సికో దేశపు ఒక కూలి మనిషి చేతులవి. 1927లో తీసిన ఫోటో. కానీ నాకవి మా నాన్న చేతుల్లాగే కనిపించాయి.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. మొదటి సంవత్సరం ఫీజు కట్టడానికి మా నాన్న నాతో వచ్చాడు. కౌంటరు దగ్గర నోట్లు లెక్కపెడుతున్నాడు. వెనక క్యూలో నా తోటి వాళ్ళున్నారు. ఆ పగిలిన వేళ్ళు చూసి ఏమనుకుంటారోనని, "ఇటివ్వు నాన్నా, నేను లెక్కపెడతా" అని నోట్లు గబుక్కున తీసుకున్నాను. నాన్న ఏమీ అనలేదు. చేతులు తువ్వాలు కింద పెట్టుకుని పక్కకి జరిగాడు. ఏ చేతుల్ని నేను దాచాలనుకున్నానో, అలాంటి చేతుల్నే ఒకావిడ కెమెరా పెట్టి లోకానికి చూపించింది! ఎవరీవిడ అని వెతకడం మొదలుపెట్టాను.

ఆమె పేరు టీనా మొడొట్టి. 1896 ఆగస్టు 17న ఇటలీలోని ఊదినే పట్టణంలో పుట్టింది. తల్లి బట్టలు కుట్టేది. తండ్రి బతుకుతెరువు కోసం అమెరికా వెళ్ళాడు. ఇంటి జరుగుబాటు కోసం టీనా చిన్నతనంలోనే బట్టల మిల్లులో పనికి కుదిరింది. 1913లో పదహారేళ్ళ పిల్ల ఒంటరిగా ఓడెక్కి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న తండ్రి దగ్గరకు చేరింది. అక్కడా కుట్టుపనే. అయితే మనిషి చక్కనిది. ఆ ఊరి ఇటాలియన్ల నాటకాల్లో వేషాలు దొరికాయి. తరువాత చిత్రకారుడు రోబో రిషేతో కలిసి లాస్ ఏంజిలిస్ వెళ్ళింది. 1920లో 'ది టైగర్స్ కోట్' అనే మూకీ చిత్రంలో ముఖ్య పాత్ర వేసింది. ఆ తరువాత మరో రెండు చిన్న వేషాలు. సినిమా జీవితం అంతటితో సరి.

ఎందుకు మానేసింది? హాలీవుడ్డుకు ఆమె నల్లని కళ్ళు, పరదేశపు అందం కావాలి, అంతకుమించి అక్కర్లేదు. ఇచ్చిన వేషాలన్నీ ఆ మూసలోవే. 1922లో రోబో మెక్సికో నగరంలో మశూచి సోకి చనిపోయాడు. అప్పటికే ఆమె ఎడ్వర్డ్ వెస్టన్ అనే పేరున్న ఫోటోగ్రాఫరుకు మోడలుగా ఉంటోంది. 1923లో ఇద్దరూ కలిసి మెక్సికో వెళ్ళారు. ఒప్పందమేమిటంటే, ఆమె అతని స్టూడియో పనులు చూసిపెట్టాలి, అతను ఆమెకు ఫోటోగ్రఫీ నేర్పాలి. అంతవరకూ కెమెరా ముందు నిలబడ్డ మనిషి ఇప్పుడు కెమెరా వెనక్కు వచ్చింది. ఆమె జీవితంలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం.

కెమిస్ట్రీ మిత్రుల కోసం కాస్త ఆగుదాం. టీనా తొలిరోజుల్లో ఎక్కువగా వేసినవి ప్లాటినం ముద్రలు. ఫెర్రిక్ ఆక్సలేటునూ ప్లాటినం లవణాన్నీ కలిపి కాగితానికి పూస్తారు. దానిపై నెగెటివును ఆనించి ఎండలో పెడతారు. వెలుతురు తగిలిన మేరకు ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్ అవుతుంది. తరువాత పొటాషియం ఆక్సలేటు ద్రావణంలో ముంచితే ఆ ఫెర్రస్ ఇనుము ప్లాటినం లవణాన్ని క్షయకరించి లోహంగా మారుస్తుంది. మిగిలిన ఇనుమును సజల ఆమ్లంతో కడిగేస్తారు. ల్యాబులో మనం రాసుకునే ఆక్సీకరణ, క్షయకరణమే ఇది! లోహం కాగితపు నారలోకే ఇంకిపోతుంది కాబట్టి మెరుపు ఉండదు, నలుపు తెలుపుల మధ్య ఛాయలు ఎన్నో పలుకుతాయి, వందేళ్ళయినా వెలిసిపోదు. కాకపోతే నెగెటివు ఎంతుంటే బొమ్మ అంతే వస్తుంది. ఖర్చూ ఎక్కువే, ఓపికా ఎక్కువే కావాలి. 1924లో ఆమె తీసిన 'గులాబీలు' ఈ పద్ధతిలో వేసిందే.

గులాబీలతో మొదలైన ఆ చూపు క్రమంగా మనుషుల వైపు తిరిగింది. అప్పుడు మెక్సికోలో విప్లవం ముగిసి కొత్త గాలి వీస్తోంది. డీగో రివేరా వంటి చిత్రకారులు ప్రభుత్వ భవనాల గోడల మీద రైతుల్నీ కూలీల్నీ చిత్రిస్తున్నారు. ఆ కుడ్యచిత్రాలకు టీనా ఫోటోలు తీసిపెట్టింది. 1926లో వెస్టన్ అమెరికాకు తిరిగి వెళ్ళిపోయినా ఆమె అక్కడే ఉండిపోయింది. మరుసటేడు కమ్యూనిస్టు పార్టీలో చేరింది. కార్మికుల ఊరేగింపును మేడమీది నుంచి తీసింది: ఒక్క ముఖమూ కనబడదు, ఫ్రేము నిండా గడ్డి టోపీలే. రైతులంతా గుమిగూడి ఒకే పత్రికను చదువుతున్న దృశ్యం, బట్టలుతికే చేతులు, తోలుబొమ్మల దారాలు పట్టిన చేతులు, ఇలా ఎన్నో. నాకు బాగా నచ్చింది మరొకటి: ఒక మొక్కజొన్న కండె, ఒక కొడవలి, ఒక తూటాల పటకా. మా ఇంట్లో మొదటి రెండూ ఏటా ఒకచోటే పడి ఉంటాయి. వాటిని ఫోటో తీయవచ్చని నాకెప్పుడూ తోచలేదు! తనవి కళాఖండాలు కావనీ, మాయలూ మర్మాలూ లేని నిజాయితీ గల ఫోటోలనీ ఆమె 1929లో ఒక వ్యాసంలో చెప్పుకుంది.

ఆ ఏడాదే పిడుగు పడింది. జనవరి 10 రాత్రి ఆమె పక్కన నడుస్తున్న సహచరుడు, క్యూబా విప్లవకారుడు హూలియో అంతోనియో మెల్యాను వీధిలో కాల్చి చంపారు. పోలీసులు ఆమెనే అనుమానించారు. పత్రికలు ఆమె ఫోటోల సంగతి వదిలేసి ఆమె శీలాన్ని వీధికెక్కించాయి. వెస్టన్ ఎప్పుడో తీసిన నగ్నచిత్రాలు చూపి రచ్చ చేశాయి. ఆరేళ్ళు కెమెరా వెనక కష్టపడి పనిచేసిన మనిషిని మళ్ళీ పట్టి కెమెరా ముందు నిలబెట్టారన్నమాట! చివరికి నిర్దోషి అని తేలింది. డిసెంబరులో మెక్సికో నగరంలో ఆమె ఫోటోల ప్రదర్శన జరిగింది. రెండు నెలలు తిరక్కుండానే, 1930 ఫిబ్రవరిలో, అధ్యక్షుడిపై హత్యాయత్నం జరిగిందంటూ ఆమెనూ అరెస్టు చేసి దేశం నుంచి పంపేశారు.

బెర్లిన్ మీదుగా మాస్కో చేరాక ఆమె కెమెరాను దాదాపుగా పక్కన పెట్టేసి, అంతర్జాతీయ సహాయ సంస్థ పనిలో మునిగిపోయింది. స్పెయిన్ అంతర్యుద్ధంలో 'మరియా' అన్న పేరుతో క్షతగాత్రులకు సేవ చేసింది. ఓటమి తరువాత 1939లో మారుపేరుతో మెక్సికోకు తిరిగివచ్చింది. 1942 జనవరి 5 రాత్రి ఇంటికి వెళ్తూ టాక్సీలోనే గుండె ఆగి చనిపోయింది. అప్పటికి నిండా నలభై ఆరేళ్ళు లేవు. ఫోటోగ్రాఫరుగా పనిచేసిన కాలం ఏడేళ్ళు మాత్రమే. ఆమె సమాధి మీద పాబ్లో నెరూడా కవిత చెక్కి ఉంది. 1991లో ఆ 'గులాబీలు' ముద్ర న్యూయార్కు వేలంలో 1,65,000 డాలర్లకు అమ్ముడుపోయింది. అప్పటికి వేలంలో ఒక ఫోటోకు అదే రికార్డు ధర.

ఆమె రాజకీయాలు అందరికీ నచ్చాలని లేదు. కెమెరాను ఎందుకు వదిలేసిందన్నది నాకిప్పటికీ బాధే. కానీ అందగత్తెగా పేరు తెచ్చుకోగలిగిన మనిషి తన అందాన్ని పక్కనపెట్టి ఇతరుల శ్రమను చూపించడానికి పూనుకోవడం చిన్న విషయం కాదు. చిన్ననాడే మిల్లులో పనిచేసినది గనుకనే ఆమెకా చేతుల విలువ తెలిసిందేమో!

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నా అరుగు మీద కూర్చుని విత్తనానికి మొక్కజొన్న కండెలు వలుస్తున్నారు. నేను ఫోను తీసి నాన్న చేతుల దగ్గరగా పెట్టాను. "ఆగమ్మా, కడుక్కొస్తా" అని లేవబోయాడు. "వద్దు నాన్నా, అలాగే ఉండనీ" అన్నాను. ఆ ఫోటో ఇప్పుడు హాస్టల్లో నా బల్లమీద ఉంది. ఎవరివని అడిగిన వాళ్ళకల్లా మా నాన్నవని చెబుతున్నాను.