కొండదారిలో జీపు దీపాలు

దీపం ఎంత పెద్దదైతే దారి అంత బాగా కనబడుతుందని చాలామంది అనుకుంటారు. శీతకాలపు తెల్లవారుజామున చింతపల్లి మన్యంలోని లంబసింగికి వెళ్లండి, ఆ నమ్మకం పటాపంచలవుతుంది. జీపు నెత్తిన పెట్టిన దీపపు కాంతి మంచు తుంపరలకు తగిలి తిరిగి మన కళ్లలోకే వస్తుంది. ఎదుట తెల్లగోడ తప్ప లోయ అంచు కనబడదు! అక్కడ కావలసినది బంపరు దగ్గర, నేలకు చేరువగా, వెడల్పుగా వెలుగు పరిచే ఫాగ్ ల్యాంపు. నెత్తిమీది దీపం మంచులేని మైదానానికే తగినది.

ఇక బండి అడుగున అమర్చే చిన్న దీపాలు సింగారానికి కావు. చక్రం ఏ రాయి ఎక్కుతున్నదో చూపడానికి. వీటికి వెలుగు కొంచెమైనా చాలు, నీరు మాత్రం చొరకూడదు. ఐ.పి. 67 గుర్తున్నది మీటరు లోతు నీటిలో అరగంట నానినా తట్టుకుంటుంది.

వైరింగు దగ్గర పిసినారితనం పనికిరాదు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 120 వాట్ల దీపం 10 ఆంపియర్లు లాగుతుంది. రిలే, ఫ్యూజు లేకుండా సన్నతీగతో కలిపితే బండికే నిప్పంటుకోవచ్చు.

మంచు దాటి మామూలు రోడ్డెక్కగానే ఈ అదనపు దీపాలన్నీ ఆర్పివేయండి. మలుపులో ఎదుటి డ్రైవరు కళ్లు బైర్లు కమ్మితే అతని బండి వచ్చేది మనమీదికే గదా!