రెండో బ్యాటరీ మోపే భారం

అర్ధరాత్రి వేళ, కొండ దారి పక్కన ఒక సంచార వైద్యశాల వాహనం ఆగి ఉందనుకుందాం. లోపలి రిఫ్రిజిరేటరులో టీకా మందులున్నాయి. వాటిని 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఆ చల్లదనానికి ఆధారం వాహనంలోని రెండో బ్యాటరీ. అది నీరసించడంతో డ్రైవరు బండిని కదపకుండానే ఇంజనును నడుపుతాడు. కాసేపటికి బానెట్ కిందినుంచి కమురు వాసన!

ఇందులో వింతేమీ లేదు. ఇంజను స్టార్టు చేయడంలో ఖర్చయిన కొద్దిపాటి విద్యుత్తును తిరిగి నింపి, దీపాల వంటి వాటిని నడపడమే సాధారణ ఆల్టర్నేటరు పని. బాగా ఖాళీ అయిన రెండో బ్యాటరీ గంటల తరబడి విద్యుత్తును కోరుతుంది. లిథియం బ్యాటరీకి అంతర్నిరోధం తక్కువ గనుక, అది మరీ ఆబగా గుంజుకుంటుంది. 14 వోల్టుల వద్ద 100 ఆంపియర్లంటే 1,400 వాట్లు. ఆల్టర్నేటరు సామర్థ్యం 60 శాతమైతే, మరో 900 వాట్లకు పైగా వేడిగా మారుతుంది. దాన్ని చల్లబరిచే ఫ్యాను దాని ఇరుసుతోనే తిరుగుతుంది. ఇంజను నెమ్మదిస్తే గాలీ తగ్గుతుంది.

లోపాన్ని వరుసక్రమంలో వెతకాలి. ముందు ఇంజను ఆపి, బెల్టు బిగువు చూడాలి. తరువాత ఇంజను నడుస్తుండగా మల్టీమీటరుతో రెండు బ్యాటరీలనూ కొలవాలి. మొదటిదాని వద్ద 14 వోల్టులుండి, రెండోదాని వద్ద 13 మాత్రమే ఉంటే దోషం దారిలో ఉంది: సన్నని తీగ, తుప్పుపట్టిన ఎర్త్, అరిగిన రిలే. రెండుచోట్లా తక్కువైతే బెల్టునో, ఆల్టర్నేటరునో, మితిమీరిన భారాన్నో అనుమానించాలి. అయితే కొన్ని కొత్త వాహనాలలో కంప్యూటరే వోల్టేజిని తగ్గిస్తుంది. అది లోపం కాదు. 15 వోల్టులు దాటితే మాత్రం రెగ్యులేటరును పరీక్షించాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి చూడడం పాత అలవాటు. ఆల్టర్నేటరు ఉన్న బండిలో అది ప్రమాదకరం. ఎగసిన వోల్టేజికి డయోడ్లు మాడిపోవచ్చు.

ఇక్కడొక చిక్కుంది. తీగ లావు చేస్తే విద్యుత్ప్రవాహం పెరుగుతుంది. దానితోపాటు ఆల్టర్నేటరు వేడీ పెరుగుతుంది. కాలినదాని స్థానంలో కొత్తది బిగించినా, మూలకారణం పోకపోతే దానికీ అదే గతి. ప్రవాహాన్ని ఏ 30 ఆంపియర్లకో పరిమితం చేసే డీసీ–డీసీ చార్జరును మధ్యలో అమర్చడం, తీగ రెండు కొసలా బ్యాటరీలకు దగ్గరగా ఫ్యూజులు ఉంచడం సరైన చికిత్స.

నిదానంగా నిండినా బ్యాటరీ నిండుతుంది. తెల్లవారి పల్లె చేరేసరికి టీకా మందు చల్లగానే ఉంటుంది.